నడుము, నోటుపుస్తకము



ఈ శీర్షికలో పిల్లల చదువు, అప్పులు, పెండ్లి ఖర్చులు మొదలగువాటిని గూర్చి వ్రాయుచు వచ్చినాము. ఈ మాసము నడుము నొప్పిని గూర్చి, దానితోపాటు ఒక నోటుపుస్తకమును గూర్చి వ్రాయుచున్నాము. మొన్న మా ఇంట జరిగిన కుటుంబ ప్రార్థనకు వచ్చిన ఒక సహోదరి బల్లమీదనున్న మా పుస్తకమును తెరచి చూచి, "అయ్యగారూ, దీంట్ల పది, పది, ఎనిమిది అని రాసిన్రు, ఏందియి? కానుకల లెక్కనా?" అని అడిగినది. కానుకలు అంత తక్కువ వచ్చుచున్నవని ఆమె భయపడినట్లున్నది. అవి కానుకల లెక్క కాదు. మేము నేలమీద బోర్లగా ఎన్ని సెకన్లు నిలిచినామో ఆ లెక్క.

సంగతి మొదటినుండి చెప్పవలెను. మా పరిచర్య దేవరకొండ ప్రక్కన మొదలై డిండి దాటి కల్వకుర్తి వైపు పోవును. ఒక కాలు పాత నల్గొండ జిల్లాలో, ఒక కాలు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో. 2016 అక్టోబరులో ఈ జిల్లాలు ముక్కలైనవి గాని మా మోటారుసైకిలుకు ఆ సంగతి తెలియదు. వెనుక మా శ్రీమతి, ముందు పుస్తకముల సంచి, కొన్నిసార్లు డోలకు కూడ. నలువది దాటిన తరువాత గుంతల రోడ్డు చక్రమునకు కాక వెన్నుకు తగులుట మొదలైనది. కోత పండుగనాడు కానుకగా వచ్చిన వడ్ల బస్తాను యౌవనస్థుల యెదుట ఒక్కరమే ఎత్తబోయినాము. బస్తా లేవలేదు. మేమును లేవలేదు.

వైద్యుడు ఎక్స్‌రే తీయించి, ఎముకకు ఏమియు కాలేదు, నడుమును పట్టి ఉంచు కండరములు బలహీనపడినవి అని చెప్పి, ఫిజియోథెరపీ చేయు ఒక తమ్ముని యొద్దకు పంపినారు. ఆ తమ్ముడు నేర్పిన వాటిలో ముఖ్యమైనది ప్లాంకు. ప్లాంకు అనగా పలక. బడిపిల్లల పలక కాదు, వడ్రంగి చిత్రిక పట్టిన చెక్క పలక. చేయు విధము ఇది: చాపమీద బోర్లపడుకొని, మోచేతులు సరిగా భుజముల క్రిందికి తెచ్చి, ముంజేతులమీద, కాలివ్రేళ్లమీద దేహమును లేపవలెను. తల మొదలు మడమల వరకు ఒకే గీతగా ఉండవలెను. పిరుదులు గుడిసెవలె పైకి లేవకూడదు, నడుము నులకమంచమువలె క్రిందికి జారకూడదు. శ్వాస ఆపకూడదు. అట్లు చేయలేనివారు కాలివ్రేళ్లకు బదులు మోకాళ్లు ఆన్చి చేయవచ్చును.

కదలకుండ ఉంటే బలమెట్లు వచ్చునని మేము అడిగినాము. బస్తా ఎత్తువాడు ముందు తువ్వాలతో నడుము బిగించి కట్టుకొనును గదా. దేవుడు కడుపు చుట్టు లోపలనే అట్టి కట్టు ఒకటి కండరములతో కట్టియున్నాడు. వెన్నెముకకు ఇరుప్రక్కల సన్నని కండరములు ఉన్నవి. కూర్చుండి కూర్చుండి, బండిమీద ఊగి ఊగి ఆ కట్టు వదులగును. పలకవలె నిలిచినప్పుడు అది బిగియును. ఇంతే సంగతి.

ఇది యోగాభ్యాసమా అని కొందరు సంకోచించినారు. దండీలు, బస్కీలు తీసిన మన తాతలు, తాలీములలో కసరత్తు చేసిన పాలమూరు పెద్దలు ఇట్టి భంగిమను ఎరుగుదురు. ఇందులో మంత్రము లేదు. శరీర సాధకమునకు ప్రయోజనము కొద్దిగానే ఉన్నదని పౌలు తిమోతికి వ్రాసిన మాటను మరికొందరు జ్ఞాపకము చేసినారు. కొద్దిగా అన్నాడు గాని లేదనలేదు. ఆ కొద్దిపాటి కూడ లేనందుననే గదా మేము బస్తా ప్రక్కన పడియుంటిమి.

ఆ తమ్ముడు మొదటి రెండు వారములు పది సెకన్ల చొప్పున ఆరుసార్లు చేయమన్నాడు. తరువాత భంగిమ చెడనంత సేపు నిలువుమన్నాడు. ప్రతి దినము వ్రాసి తెమ్మన్నాడు. ఒక పాత డైరీ తీసి గీతలు గీసినాము. తేదీ, సెకన్లు, ఎన్నిసార్లు, చివర సంగతులు. పాలు పోయువారి చిట్టీలో పూటపూటకు లీటర్లు, వెన్నశాతము వ్రాయునట్లు అన్నమాట. మా శ్రీమతి గోడ గడియారము చూచి లెక్కపెట్టెడిది. ఆ మొదటి పుటలు ఇప్పుడు చూచినను మాకు ఇష్టము. "ఇరువది రెండు. నిన్న మూడు ఊళ్లు తిరిగినాము." "ముప్పది ఒకటి. బాగుగా నిద్ర పట్టినది." "పదునైదు. పెండ్లి భోజనము." "ఆదివారము, లేదు." రెండు నెలలలో ఆ చివరి గడి మాకు ఒక మాట చెప్పినది. ఎక్కువ దూరము బండి నడిపిన మరునాడు అంకె తప్పక పడిపోవుచున్నది. ఆ పుస్తకము లేనియెడల ఆ సంగతి మాకు తెలిసెడిది కాదు. వరుసగా మూడు ఊళ్లు పెట్టుకొనుట మానినాము.

వరినాటు వేయు స్త్రీలు మమ్మును చూచి నవ్వినారు. "మేం పొద్దంత వంగే ఉంటం అయ్యగారూ, మాకు గీ కసరత్తెందుకు?" అన్నారు. వారి నవ్వు న్యాయమే. ఆనకట్టలకు, కాలువలకు దేశమంతట మట్టి మోసిన పాలమూరు కూలీల బిడ్డలకు నడుము సంగతి మేమేమి నేర్పగలము? అయినను ఒక మాట చెప్పితిమి. పొద్దంత వంగుటవలన నడుము అలసిపోవునే గాని బలపడునని అనుకొనకూడదు. వారికి ముందు కావలసినది ప్లాంకు కాదు. గంటకొకసారి గట్టుమీద నిటారుగా నిలిచి, చేతులు నడుమున పెట్టుకొని మెల్లగా వెనుకకు వాలుట, రాత్రి నిద్ర. పెద్దలు వారమునకు కనీసము రెండు దినములైనను కండరములు బలపరచు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. నాటు కాలము పోయిన తరువాత, పని లేని దినములలో, అది వారికి పనికివచ్చును.

ఇక మా తప్పు సంగతి. మా శ్రీమతి పుట్టింటికి పోయిన వారములో ఫోనులో గడియారము పెట్టుకొని మేమే లెక్కించుకొన్నాము. ముప్పది ఎనిమిది వచ్చినప్పుడు నలువది అని వ్రాసినాము. సున్నతో ముగిసిన అంకె చూపునకు బాగుండును గదా. తరువాత యౌవనస్థుల కూడికలో ప్లాంకును గూర్చి చెప్పుచు, మేము ఒక నిమిషము నిలుచుచున్నామని నోరు జారినాము. ఆ దినము నిలిచినది యేబది రెండు. ఇంటికి వచ్చి అరువది అని వ్రాసినాము, ఎందుకనగా చెప్పితిమి గదా! ఆ తరువాత పదకొండు దినములు వరుసగా అరువది. చివరి గడిలో ఏమియు లేదు. ఆమె తిరిగి వచ్చిన తరువాత కూడ, వంటపనిలో ఉన్నావు గదా, మేమే చూచుకొందుమని అంటిమి.

ఆ తమ్ముడు పుస్తకము చూచి సంతోషించి, ఒక నిమిషము నిలుచుచున్నారు గనుక ఇకమీదట ప్లాంకులో ఉండి ఒక్కొక్క కాలు పైకెత్తుమన్నాడు. ఆయన పుస్తకమును నమ్మినాడు. మా దేహమునకు మాత్రము నిజము తెలియును. నాలుగవ దినమున నడుము మరల పట్టివేసినది. ఆ ఆదివారము కుర్చీలో కూర్చుండి ప్రసంగించినాము. ప్రసంగించిన అంశము ఏమిటో ఇక్కడ చెప్పము. సంఘమంతయు మామీద జాలిపడి కొబ్బరినీళ్లు, వేడినీళ్ల సంచి, జండూబామ్ తెచ్చి ఇచ్చినారు. వాటిని పుచ్చుకొనుటకంటె కష్టమైన పని ఆ వారములో మరొకటి లేదు.

తిరిగి పోయినప్పుడు ఆ తమ్ముడు పుటలు వెనుకకు త్రిప్పి కొంతసేపు చూచి, "అయ్యగారూ, ముందు పేజీలు మనిషి రాసినట్టున్నయి, ఇవి గడియారం రాసినట్టున్నయి" అన్నాడు. మరేమియు అనలేదు. ఉన్నది ఉన్నట్లు అతనితో ఒప్పుకొన్నాము, ఇంటికి వచ్చి మా శ్రీమతితోను ఒప్పుకొన్నాము. యౌవనస్థులయొద్ద ఒప్పుకొనుటకు ఇంకొక నెల పట్టినది.

జాన్ వెస్లీ గారు 1725లో ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడు దినచర్య వ్రాయుట మొదలుపెట్టి, కొన్ని సంవత్సరములకు గంటగంటకు తన మనస్సు ఎట్లున్నదో గుర్తించుకొనెడివారు. 1747లో పేదల కొరకు గృహవైద్యపు పుస్తకము కూడ వెలువరించి, అందులో వ్యాయామమును, ముఖ్యముగా నడకను మెచ్చుకొన్నారు. మాకు మిక్కిలి నచ్చినది ఏమనగా, ఆ దినచర్యను ఆయన ఇతరులు చదువలేని సంకేతలిపిలో వ్రాసికొనిరి. ఆ పుస్తకములో ఎవరికొరకు అంకెలు పెంచవలెను? మేమైతే మా పుస్తకమును కూడికలో అందరికి చూపితిమి.

యౌవనస్థులు ఊరకుండలేదు. ఫోనులలో చూచి ప్రపంచ రికార్డులు చెప్పినారు. 2023 మే నెలలో చెక్ దేశస్థుడు జోసెఫ్ షాలెక్ 9 గంటల 38 నిమిషముల 47 సెకన్లు ప్లాంకులో నిలిచినాడు. 2024 మార్చిలో కెనడాలో డోనాజీన్ వైల్డ్ అను 58 ఏండ్ల విశ్రాంత అధ్యాపకురాలు 4 గంటల 30 నిమిషముల 11 సెకన్లు నిలిచినది. ఆమె మనుమలు మనుమరాండ్రు ఉన్న అమ్మమ్మ. ఇది విని మన పిల్లలు పందెము వేసికొన్నారు. ఒకడు రెండు నిమిషములు అన్నాడు గాని చివరి నిమిషమంతయు వాని నడుము ఉయ్యాలవలె జారియున్నది. మరునాడు వాడు ట్రాక్టరు ఎక్కలేకపోయినాడు. వెన్నునొప్పిని అనేక సంవత్సరములు పరిశోధించిన కెనడా దేశపు ఆచార్యుడు స్టూవర్ట్ మెక్‌గిల్ అయితే, పది సెకన్ల చొప్పున నిలిచి, దిగి, మరల నిలుచుటయే మేలని చెప్పుచున్నారు. మా తమ్ముడు మొదట చెప్పినదియు అదే. రికార్డు వేరు, నడుము వేరు.

రక్తపోటు ఉన్నవారికి ఒక మాట. కదలకుండ బిగబట్టి చేయు వ్యాయామములు రక్తపోటును తగ్గించుటకు బాగుగా తోడ్పడునని 270 పరీక్షలను కలిపి చూచిన ఒక అధ్యయనము 2023లో తెలిపినది. అన్నిటికంటె మేలైనదిగా కనబడినది ప్లాంకు కాదు, గోడకు వీపు ఆన్చి కుర్చీలోవలె కూర్చుండుట. అయితే శ్వాస బిగబట్టినయెడల ఆ క్షణమున రక్తపోటు పైకి పోవును. గనుక మాత్రలు వేసికొనువారు వైద్యుని అడుగకుండ మొదలుపెట్టకూడదు. గర్భవతులు, హెర్నియా ఉన్నవారు, క్రొత్తగా ఆపరేషను అయినవారు కూడ అట్లే.

మరొకరిని కూడ ఈ వరుసలో చేర్చవలెను. మర్రిగూడ వైపు ఒక ఊరిలో పిల్లలు అరుగుమీద మాకు ప్లాంకు చేసి చూపుచుండగా, గోడకు ఆనుకొని కూర్చున్న ఒక పెద్దమనిషి, "అయ్యగారూ, మీరు పలక కానీకి తిప్పలు పడుతున్నరు. నా నడుము ఎన్నడో పలకయింది" అన్నాడు. మేము నవ్వబోయి ఆగితిమి. ఆయన మెడ త్రిప్పలేడు. ప్రక్కకు చూడవలెనంటే మనిషంతా తిరుగవలెను. ఫ్లోరైడు నీళ్లు. 1955లోనే హైదరాబాదు వైద్యుడు సిద్దిఖీ గారు నల్గొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినారు. ఎక్కువైన ఫ్లోరైడు ఎముకలలో చేరి, కీళ్లను కట్టియుంచు నరములవంటి బంధములు సున్నమువలె గట్టిపడి, వెన్ను ఒకే కర్రయగును. దానిని వ్యాయామము వంచలేదు. బలవంతము చేసినచో హాని. 2016 తరువాత మిషన్ భగీరథ కుళాయిలలో శుద్ధిచేసిన నీళ్లు వచ్చినవి గాని, బిగిసిన ఎముక వెనుకకు రాదు. ఆయన తన మనుమని దగ్గరకు పిలిచి, "నోరు తెరువురా, అయ్యగారికి పండ్లు చూపియ్యి" అన్నాడు. తెల్లని పండ్లు. తాతవి గోధుమరంగు గీతలు పడినవి. "వీడు చేస్తడు మీ పలక" అన్నాడు.

ఆ సాయంకాలము పుస్తకములో అంకె వ్రాయలేదు. మా అరువదులన్నియు ఎవరికి చూపుటకు వ్రాసికొంటిమో అని దారిపొడవున తలంచినాము.

ఇప్పుడు మా ఇంట పద్ధతి మారినది. కలము మా చేతిలో ఉండదు. మా శ్రీమతి గడియారము చూచి తానే వ్రాయును. చేయని దినమున "లేదు" అని వ్రాయును, కారణము అడుగదు. చివరి గడి మాత్రము మాకు విడిచిపెట్టినది. మా ఇంట లేనివారు పిల్లలచేత వ్రాయించుకొనవచ్చును. పిల్లలు అంకె పెంచరు, తగ్గించెదరేమో.

ఈ వ్యాసము వ్రాయుచున్న దినపు పుట ఇట్లున్నది: పది, పది, పది, పది, తొమ్మిది, ఆరు. చివరి గడిలో మేము వ్రాసినది: "నిన్న డిండి దాటి రెండు ఊళ్లు. వాన. బండి తోసినాము."