తాతగారి పతకం కన్నా ముందు తాతగారి సర్వీసు బుక్కు

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక సేవా వారోత్సవాలు జరుగుతాయి. ఆ తేదీని ఇచ్చింది ముంబయి. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో దూది బేళ్లూ మందుగుండూ కలిపి మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికిన్ ఓడ అంటుకుంది. సాయంత్రం నాలుగు దాటాక ఒకసారి, అరగంట తర్వాత మరోసారి పేలింది. మంటలార్పడానికి వెళ్లిన ఫైర్ బ్రిగేడ్ సిబ్బంది 66 మంది తిరిగి రాలేదు.

ఈ వారోత్సవాలప్పుడూ, జనవరి 26కీ ఆగస్టు 15కీ పతకాల జాబితాలు వెలువడినప్పుడూ మా సంఘానికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మా తాతగారు యుద్ధం రోజుల్లో ఫైర్ బ్రిగేడ్‌లో చేశారండీ. ఆయనకు రావాల్సిన పతకం ఇప్పుడు మేము తీసుకోవచ్చా?" 2025 మే 7న దేశమంతా పౌర రక్షణ కసరత్తులు జరిగాక ఈ ప్రశ్న మరింత పెరిగింది. కామాఠీపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీల వల్లే వచ్చింది. ఫైర్ బ్రిగేడ్ కేంద్ర కార్యాలయం ఉన్న బైకులా దానికి పక్కనే. మన ఇళ్లలో ఫైర్‌మన్ తాతలు ఉండటంలో వింత లేదు. అందుకే ఈ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలనుకున్నాం.

పతకాలు రెండు రకాలు

మొదటిది శౌర్యానికో విశిష్ట సేవకో ఇచ్చేది. దీన్ని కుటుంబం అడిగి తెచ్చుకోవడం ఉండదు. పనిచేసిన శాఖ సిఫారసు చేయాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి. 2024 జనవరిలో కేంద్ర హోంశాఖ పోలీసు, అగ్నిమాపక, జైళ్లు, హోంగార్డు, పౌర రక్షణ సేవల్లోని 16 పతకాలను కలిపి నాలుగు చేసింది. ఫైర్‌మన్‌కు ప్రత్యేకంగా ఉన్న పతకం పేరు అలా మారిపోయింది. ఇది ఇకముందు ఇచ్చేవాటికి సంబంధించిన మార్పు. పాత సేవకు కొత్తగా తలుపు తెరిచిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండోది సర్వీసు పతకం. ఫలానా కాలంలో, ఫలానా ప్రాంతంలో, ఇన్ని రోజులు పనిచేస్తే వచ్చేది. వారసులు అడగగలిగేది దీన్నే. అయితే ప్రతి సర్వీసు పతకానికీ కాలం, ప్రాంతం, సంస్థ అని మూడు హద్దులుంటాయి. వాటిలో ఒక్కటి తప్పినా దరఖాస్తు నిలవదు.

రెండో ప్రపంచ యుద్ధాన్ని చూడండి. బ్రిటన్‌లో మూడేళ్లు అగ్నిమాపక సేవలో ఉన్నవారికి డిఫెన్స్ మెడల్ అర్హత ఉండేది. దాని రిబ్బను మధ్యలో ఉన్న మంటరంగు శత్రువు బాంబులకూ, సన్నని నల్లగీతలు దీపాలార్పిన రాత్రులకూ గుర్తు. అక్కడ కూడా అర్హులే దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. పెట్టుకోనివాళ్లు ఎందరో మిగిలిపోయారు. అలాగని ఆ మూడేళ్ల లెక్క బొంబాయి మునిసిపల్ ఫైర్‌మన్‌కు దానంతటదే వర్తించదు. విదేశీ ప్రాంతాలకు నిబంధనలు వేరు. పైగా డాక్ పేలుడు యుద్ధకాలంలో జరిగినా శత్రువు దాడి కాదు, ప్రమాదం. మరోవైపు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడినవి జపాను బాంబులే. "యుద్ధంలో మంటలార్పాడు" అన్న ఒక్క మాటలో ఇన్ని తేడాలున్నాయి.

1971 యుద్ధానికి వస్తే సంగ్రామ్ మెడల్ ఉంది. సైన్యంతోపాటు పోలీసులకూ పౌర సేవల్లో ఉన్నవారికీ దాన్ని విస్తరించారు. 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 వరకు జమ్మూ కశ్మీర్, పంజాబ్, గుజరాత్, రాజస్థాన్, పశ్చిమ బెంగాల్, అస్సాం, మేఘాలయ, మిజోరం, త్రిపురల్లోని యుద్ధ ప్రాంతాల్లో చేసిన సేవకే అది వర్తిస్తుంది. ఆ జాబితాలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు లేవు. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ తీరంలోనే అయినా, ఆ ఊళ్లో డ్యూటీ చేసినంత మాత్రాన ఈ పతకానికి అర్హత రాదు. మన పెదనాన్నగారిని ఆ ఏడాది డిప్యుటేషన్ మీద గుజరాత్‌కో బెంగాల్‌కో పంపి ఉంటే సంగతి వేరు. ఆ డిప్యుటేషన్ ఉత్తర్వు దొరకాలి.

అంటే ఎటు తిరిగినా చివరికి కాగితం దగ్గరికే వస్తాం.

పెట్టెలో దొరికిన పతకం రుజువు కాదు

బ్రిటిష్ ప్రభుత్వం రెండో ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన పతకాల మీద పొందినవారి పేరు చెక్కలేదు. అందువల్ల తాతగారి ట్రంకు పెట్టెలో దొరికినదైనా, పాత సామాన్ల బజారులో కొన్నదైనా చూడటానికి ఒకటే. దీన్ని ఆసరా చేసుకుని కొందరు దళారులు మన ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. పతకం తెప్పిస్తామంటారు, దాంతో పింఛను పెరుగుతుందంటారు, మనవడికి ఉద్యోగమంటారు. సర్వీసు పతకంతో ఇవేవీ రావు. డబ్బు మాత్రం పోతుంది.

రుజువు సర్వీసు బుక్కులో ఉంటుంది. మునిసిపల్ ఫైర్‌మన్‌ది కార్పొరేషన్ దగ్గర, రాష్ట్ర అగ్నిమాపక శాఖ వారిది ఆ శాఖలో, ఆయుధ డిపోల్లో పనిచేసిన సివిలియన్ ఫైర్‌మన్‌ది ఆ డిపో దగ్గర ఉండాలి. ముగ్గురూ చేసిన పని ఒకటే, కార్యాలయాలు మూడు. చాలా దరఖాస్తులు తప్పు కార్యాలయానికి వెళ్లి అక్కడే ఆగిపోతున్నాయి.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము సాధారణంగా 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఇప్పుడు కార్యాలయాలు "ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అని సులువుగా రాసేస్తున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చడం వారికి కలిసొచ్చింది. కానీ 8(3) సెక్షన్ అలాగే ఉంది. 20 ఏళ్లు దాటిన సంగతికి సంబంధించిన సమాచారాన్ని దేశ భద్రత వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే ఇవ్వాలని అది చెబుతుంది. దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు వేయండి. తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు చేయండి.

"రికార్డు నాశనం చేశాం" అని జవాబు వస్తే అక్కడితో ఊరుకోకండి. ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన తీసేశారో చూపే రిజిస్టరు పేజీ నకలు అడగండి. గుమాస్తా ఉద్యోగం చేసినవాళ్లకు తెలుసు, సర్వీసు బుక్కు పోయినా జీతాల బిల్లుల రిజిస్టరు, ప్రావిడెంట్ ఫండ్ ఖాతా, క్వార్టర్స్ కేటాయింపు, పింఛను మంజూరు కాగితం ఎక్కడో ఒకచోట మిగులుతాయి. బామ్మగారికి కుటుంబ పింఛను వచ్చి ఉంటే ఆ పింఛను ఆర్డరు నంబరు పాత బ్యాంకు పాస్‌బుక్కులోనైనా ఉంటుంది. ముంబయిలో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ భవనంలోని రాష్ట్ర పురాభిలేఖాగారం, ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాగారం కూడా వెతకదగ్గ చోట్లే.

పేరు దగ్గర చిక్కు

మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది పేరు. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది. మరాఠీ రిజిస్టరులో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఆడ్‌నావ్ ఉండాలి. గుమాస్తా ఆ చివరి గడిలో ఇంటిపేరు బదులు కులం పేరో ఊరి పేరో రాసేసేవాడు. తమిళనాట ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం మిగిలింది. తాత రామయ్య, రికార్డులో రామన్నా, మనవడి ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు. వీళ్లంతా ఒకే ఇంటివాళ్లని అధికారికి ఎలా తెలుస్తుంది?

చనిపోయినవారి పేరు ఇప్పుడు మార్చలేం. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. పతకం ఒక్కరి చేతికే ఇస్తారు. అన్నదమ్ముల పిల్లలు ముందే కూర్చుని ఎవరి పేరున దరఖాస్తు పెట్టాలో తేల్చుకుంటే తర్వాత తగువు ఉండదు.

పతకం రాకపోయినా

ఇంత శ్రమ పడ్డాక పతకం రాకపోవచ్చు. 1944 నాటి మునిసిపల్ ఫైర్‌మన్ వారసులు ఆ ఆశను అదుపులో పెట్టుకోవాలనే మా సలహా. అయినా ఆ బుక్కు తీయించమనే చెబుతాం. దానికి పతకంతో సంబంధం లేని కారణం ఉంది.

మహారాష్ట్రలో కుల ధ్రువపత్రానికి కుటుంబం ఫలానా తేదీకి ముందే ఇక్కడ ఉన్నట్లు చూపాలి. ఎస్సీలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10, విముక్త జాతులు, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు కాలేజీ సీటు దగ్గర ఆగిపోతున్నది ఈ తేదీల దగ్గరే. పాత సర్వీసు బుక్కు మొదటి పేజీలో పుట్టిన తేదీ, తండ్రి పేరు, స్వగ్రామం, చాలాసార్లు కులం కూడా ఉంటాయి. ఉద్యోగంలో చేరిన తేదీతో సహా ప్రభుత్వ ముద్ర కింద ఉన్న ఆ పేజీకి సాటివచ్చే కాగితం చాలా ఇళ్లలో మరొకటి లేదు. నిప్పుల్లోకి వెళ్లిన తాత మునిమనవడి చదువుకు ఆ రూపంలో అక్కరకొస్తాడు.

కార్పొరేషన్లను, అగ్నిమాపక శాఖలను మేము కోరేది ఒకటే. ఏటా ఏప్రిల్ 14న పూలమాలలు వేస్తున్నారు, సంతోషం. 1972 వరకు పనిచేసిన సిబ్బంది సర్వీసు రికార్డుల్లో మిగిలినవాటిని స్కాన్ చేసి, పేరు ఏ భాషలో ఎలా రాసి ఉన్నా వెతికేలా వారసులకు అందుబాటులో పెట్టండి. చెదలు వారోత్సవాల కోసం ఆగవు. మన ఇళ్లవాళ్లు కూడా వచ్చే ఏప్రిల్ దాకా ఆగకుండా, పెద్దవాళ్లు బతికుండగానే తాతగారు ఏ స్టేషన్‌లో, ఏ నంబరుతో, ఏ పేరుతో పనిచేశారో అడిగి రాసిపెట్టుకోండి. దరఖాస్తులో మొదటి గడి నింపడానికి ఆ మూడు ముక్కలూ కావాలి.