సమీక్ష రాని పుస్తకం

2022లో మెదక్ టౌనుకి రెండు వచ్చాయి. జూన్‌లో సర్కారు బడుల్లోకి ఇంగ్లీషు మీడియం, సెప్టెంబర్‌లో అక్కన్నపేట నుంచి వేసిన కొత్త లైను మీద రైలు. రైలుతో నాకు పేచీ లేదు, ఇంత ఆలస్యమైందేమిటన్నది తప్ప. పేచీ అంతా మీడియం గురించి. అదీ సర్కారుతో కాదు, మనతో. తెలుగు సాహిత్యం చదివే, రాసే మనతో.

2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81 ఇచ్చినప్పుడు మనవాళ్ళు ఎన్నెన్ని రాశారు! అమ్మభాష, ఉగ్గుపాలు, పరాయి పాలు. మరుసటి ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోని కొట్టేస్తే ఊపిరి పీల్చుకున్నారు. అట్లా రాసినవాళ్ళలో నాకు తెలిసిన ఒక్కరి పిల్లలు కూడా జిల్లా పరిషత్ హైస్కూల్లో లేరు. సరే, అది పాత దెప్పిపొడుపే. నా అసలు ఫిర్యాదు వేరే.

ఇంగ్లీషు మీడియంతో పాటు తెలంగాణ ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చేసింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఏ విదేశీ కవినో ఇట్లా ఎదురెదురు పేజీల్లో వేస్తే మనం పది పేజీల సమీక్ష రాస్తాం. లక్షల మంది పిల్లలు రోజూ తెరిచే ఈ అనువాదం మీద మాత్రం నేను చదివే పత్రికల్లో ఒక్క సమీక్ష కూడా కనబడలేదు.

రాయాల్సినది చాలానే ఉంది. చెట్టు ఆకుల్లోంచి నీరు ఆవిరైపోవడం మన సైన్సు తెలుగులో 'బాష్పోత్సేకం'. బాష్పమంటే కన్నీరని తెలుగు క్లాసులో విన్న పిల్ల, చెట్టు ఏడుస్తుందా సార్ అని అడిగితే తప్పు పిల్లదా? వెలుగు అద్దానికి తగిలి వెనక్కి రావడం 'పరావర్తనం'. ఇవి మెదక్‌లో ఎవరి అమ్మ మాట్లాడే భాష? మక్కల్ని మక్కలనే పిల్లకి 'మొక్కజొన్న' కూడా పుస్తకంలో నేర్చుకునే మాటే. ఆ పిల్లకి ఎడమ పేజీ ఒక పరాయిది, కుడి పేజీ ఇంకో పరాయిది. పాఠం అర్థమయ్యేది మధ్యలో, సారు బోర్డు దగ్గర నిలబడి టౌను భాషలో చెప్పేదాంట్లో. ఆ భాష పుస్తకంలోకి ఎందుకు రాదని అడగాల్సింది విమర్శకులు. యూజర్ ఒక్కసారైనా వాడి చూడకుండా సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేస్తే మా ఆఫీసులో ఊరుకోరు.

ఇంగ్లీషు మీడియాన్ని వెనకేసుకొస్తున్నానని అనకండి. ఏళ్ళ తరబడి తెలుగులో లెక్కలు చెప్పిన సారుని ఒక్క జూన్‌లో ఇంగ్లీషులోకి దూకమనడం అన్యాయం. కానీ మీడియం మారగానే తెలుగు చస్తుందనేవాళ్ళు మా ప్రాంతపు చరిత్ర కాస్త చూడాలి. నిజాం కాలంలో ఇక్కడ పై చదువులు ఉర్దూలో. 1918లో పెట్టిన ఉస్మానియాలోనూ ఉర్దూయే. సినారె డిగ్రీ దాకా ఆ మీడియంలోనే చదివాడు. ఆయన తెలుగు తక్కువైందని ఎవరంటారు?

ఉగ్గుపాల వ్యాసాలు ఇక చాలు. వచ్చే సంచికకి నేను ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం మీద సమీక్ష పంపుతున్నా, తెలుగు పేజీల మీద మాత్రమే. వేసుకుంటారో లేదో చూస్తా.