పండుగ పట్టని వాళ్ల పాటలు
న్యూయార్క్‌లో మైకేల్ జిల్కా, మిషెల్ ఎస్తెబాన్ నెలకొల్పిన రికార్డు సంస్థ 1981లో ‘ఎ క్రిస్మస్ రికార్డ్’ అనే సంకలనం తెచ్చింది. ఆ సంస్థ కళాకారులు పాత కీర్తనల జోలికి పోకుండా సొంత పాటలు కట్టారు. వాజ్ నాట్ వాజ్ బృందం పనుల్లేని డెట్రాయిట్ నగరపు పండుగను పాడితే, క్రిస్టీనా చెదిరిన ప్రేమను పాడింది. వీటన్నిటిలోకీ మేలైనది, వేసవిలోనే రికార్డయిన వెయిట్రెసెస్ బృందం పాట ‘క్రిస్మస్ రాపింగ్’. రచన క్రిస్ బట్లర్‌ది. ఏడాదంతా అలసిపోయి ఈసారి పండుగే వద్దనుకున్న యువతి, క్రాన్‌బెర్రీలు మరిచిపోయి రాత్రివేళ కొట్టుకు పరుగెడుతుంది. అవే మరిచి వచ్చిన పాత పరిచయస్థుడు అక్కడే ఎదురవుతాడు. ఒంటరితనాన్ని జాలిగా చూడకుండా గౌరవించే ఇలాంటి క్రిస్మస్ పాటలు అరుదు. బృంద గాయని ప్యాటీ డోనహ్యూ ఈ పాటను రాగం తీయక, స్నేహితురాలికి కబురు చెప్పినట్టు పాడుతుంది. మధ్యలో బ్రాస్ వాద్యాలు ఉరకలేస్తాయి.