ఇస్తే చాలదు, రాసి ఇవ్వాలి

తిరుపతికి 40 కిలోమీటర్ల లోపే శ్రీకాళహస్తి ఉంది. శ్రీకాళహస్తీశ్వర శతకం రాసిన ధూర్జటి పేరు మీరు తెలుగు వాచకంలో చదివే ఉంటారు. ఆ కవి పేరుతో ఈనాడు కంప్యూటర్‌లో వాడే తెలుగు అక్షరాల మచ్చు ఒకటి ఉంది. ఇటువంటి దానిని ఫాంటు అంటారు. ధూర్జటి, పెద్దన, తిమ్మన, గిడుగు వంటి పేర్లు గల ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ అందరికీ ఉచితంగా అందించింది.

ఇవి డెబియన్ అనే లినక్స్ పంపిణీలో కూడా చేరాయి. కంప్యూటర్ నడవడానికి కావలసిన వేలాది ప్రోగ్రాములను ఒక్కచోట పొందికగా చేర్చి ఇచ్చే ఏర్పాటునే లినక్స్ పంపిణీ అంటారు. డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించాడు. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు కూడా ఇందులో ఉన్నాయి.

ఫాంటు ఉచితమే గదా, తెచ్చి పంపిణీలో పడేస్తే సరిపోదా అని మీకు తోచవచ్చు. సరిపోదు. మన చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి గుజ్జు డబ్బాను గమనించండి. లోపల ఏముందో, ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో దానిపై రాసి ఉంటుంది. ప్యాకేజీ కూడా అటువంటిదే. దాని పేరేమిటి, బాధ్యత ఎవరిది, అది పనిచేయడానికి ఇంకా ఏయే ప్యాకేజీలు కావాలి అన్నది ఒక కాగితం చెబుతుంది. ఎప్పుడు ఏ మార్పు జరిగిందో మరొకటి చెబుతుంది. మూలం నుంచి దానిని తిరిగి ఎలా తయారు చేయాలో ఇంకొకటి చెబుతుంది. ఇక నాలుగవది అనుమతి పత్రం. ఏ భాగాన్ని ఎవరు రాశారు, ఏ షరతులపై ఇచ్చారు అన్నది అందులో ఉండాలి.

కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు డెబియన్ స్వచ్ఛంద కార్యకర్తలు ఈ అనుమతులను పరిశీలిస్తారు. లోపముంటే తిప్పి పంపుతారు. ఇదంతా వట్టి చాదస్తమని కొందరు విసుక్కుంటారు. జాప్యం జరిగే మాట నిజమే. పరీక్షలన్నీ ముగిసిన డెబియన్ స్థిర సంచికలు సుమారు రెండేళ్ళకొకటి వస్తాయి. ఆ లోగా వెలువడిన కొత్త ప్రోగ్రాములు అందులో ఉండవు.

అయినా ఈ చాదస్తం మనకు మేలే చేస్తుందని నా అభిప్రాయం. ఉచితంగా దొరకడం వేరు, మార్చుకునే హక్కు ఉండడం వేరు. రచయిత ఏమీ రాయకుండా వదిలేస్తే, చట్టం ప్రకారం ఆ హక్కు ఆయనదే. ఒక ఫాంటులో ఏదో ఒత్తు తప్పుగా పడుతున్నదనుకోండి. రాతపూర్వకమైన అనుమతి లేకపోతే, సరిదిద్దగలవాడు పక్కనే ఉన్నా, సరిదిద్దినదాన్ని పదిమందికి పంచలేడు. రచయిత కాలం చేస్తే ఆ తప్పు అలాగే నిలిచిపోతుంది. అనుమతి ఉంటే మాత్రం ఒకరు చేసిన సవరణ అందరికీ చేరుతుంది. మన ఒత్తులూ గుణింతాలూ సరిగా ఉన్నాయో లేదో తెలుగు చదివేవారికి తప్ప ఇతరులకు తెలియదు. కనుక దిద్దుకునే హక్కు మన చేతిలో ఉండాలి.

ఇందులో మీరూ పాలుపంచుకోవచ్చు. ఫాంటులో తప్పు కనిపిస్తే ఏ అక్షరం, ఏ పదంలో, ఎలా కనిపించింది అని వివరంగా రాసి, ప్యాకేజీ బాధ్యులకు తెలియజేయండి. బడిలో చిన్న ప్రోగ్రాము రాసినా, దానిని ఇతరులు వాడవచ్చా, మార్చవచ్చా, పంచవచ్చా అన్నది మొదటే ఒక కాగితం మీద పెట్టండి. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి పట్టేది పది నిమిషాలే. అవి లేకపోతే మీ శ్రమ మీ కంప్యూటర్ దాటి పోదు.