అజాన్ వినిపించాలి, హోరు కాదు

మస్జిదుల మైకులు దించాలన్న కేక 2022లో మహారాష్ట్రలో ఎవరి రాజకీయానికి పనికివచ్చిందో దేశానికి తెలుసు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు మతం అడగవు. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు నిషిద్ధం. బారాత్ డీజే ముందు నిద్రపోయే నిబంధన మినారు కనబడగానే మేల్కొనడం ఏ న్యాయం? అజాన్ మైకులను నిషేధించమన్న పిటిషన్‌ను 2023 నవంబరులో గుజరాత్ హైకోర్టు కొట్టివేసింది.

అయితే 2020లో అలహాబాద్ హైకోర్టు అన్న మాటనూ దాటవేయలేము: అజాన్ ఇస్లాంలో అంతర్భాగమే, మైకు కాదు. హజ్రత్ బిలాల్ (రజి) మదీనాలో ఒక ఇంటి కప్పుపై నిలబడి పిలిచారు. ఆంప్లిఫయర్ లేదు.

ఇక దబీర్‌పురా గల్లీలలో నిలబడి వినండి. నలుదిక్కులకు నాలుగు హారన్లు. ఎదుటి గోడకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వని. అంతలోనే పక్క మస్జిదు అజాన్. మాట మాటలో కలిసిపోతుంది. వెంటనే కమిటీ వారు ఇంకా పెద్ద ఆంప్లిఫయర్ కొంటారు! వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి ఆ తేడా అంతంతమాత్రం. శక్తికి మించి తోలిన హారన్ మాత్రం ముఅజ్జిన్ గొంతును చీల్చేస్తుంది. దూరం రెట్టింపైతే ఆరుబయట సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. కనుక ఒక్కదానిని గట్టిగా అరిపించడం కన్న, చిన్నవాటిని శ్రోతలకు దగ్గరగా, తక్కువ స్థాయిలో పెట్టడం మేలు. హారన్‌ను కాస్త కిందికి వంచి మన మొహల్లా వైపే తిప్పాలి, ఎదురింటి రోగి కిటికీలోకి కాదు. ఒకే చోటికి రెండు హారన్లు గురిపెట్టకూడదు. ఆ చోటికి వాటి దూరాలలో 34 మీటర్ల తేడా ఉంటే రెండవ ధ్వని సెకనులో పదవ వంతు ఆలస్యంగా చేరి మొదటిదానిని చెరుపుతుంది. లోపల కాలమ్ స్పీకర్లు మైకుకు ముందు వైపున ఉండి వెనుక వరుసలను చూడాలి. లేకుంటే ఈల తప్పదు. బయానుకు బయటి హారన్ ఎందుకు? సౌదీ ప్రభుత్వమే 2021లో బయటి మైకులను అజాన్, ఇఖామత్‌లకు పరిమితం చేసి, ధ్వనిని మూడవ వంతుకు తగ్గించమన్నది.

బీబీ కా అలావా ఉన్న బస్తీలో మొహర్రం మజ్లిసుల సంగతీ ఉంది. పండుగలకు, సాంస్కృతిక సందర్భాలకు ఏడాదికి 15 రోజుల వరకు అర్ధరాత్రి 12 దాకా అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఫజ్ర్‌కు ఆ వెసులుబాటు లేదు. హైదరాబాదులో ఏడాది పొడవునా ఆ అజాన్ ఉదయం 6 లోపే పడుతుంది. తక్కువ ధ్వనితో కొద్ది నిమిషాల పిలుపుకు చోటిచ్చేలా నిబంధనను సవరించమని మనం కేంద్రాన్ని కోరాలి. ఆ అర్జీపై సంతకం చేసే ముందు ప్రతి ముతవల్లీ తన మినారు ఎక్కి, హారన్లు ఎటు చూస్తున్నాయో చూసి రావాలి.