కొట్టములోని పాత లారీ

మోత్కూరునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసియున్నారు. మామగారు నడిపిన పెట్రోలు లారీ యెనిమిదేండ్లుగా కొట్టములో మూలబడియున్నదట. మొన్న క్రొత్త బ్యాటరీ తగిలించి త్రిప్పగా, నొక నిమిషము నడిచి యాగిపోయినదట. పాత యినుము క్రింద నమ్మివేయుదమని యింటివారనుచున్నారు. ఆమెకు మనసొప్పుట లేదు.

తొందరపడవలదని మా సలహా. నిమిషమైనను నడిచిన యింజనుపై నాశ విడువనక్కరలేదు. ఇట్టిచోట దోషము తరచుగా కార్బురేటరులో నుండును. పెట్రోలును గాలితో కలిపి యింజనున కందించునది యిదియే. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రవాణా నారంభించిన కాలమున పెట్రోలు మోటారులన్నియు దీనిమీదనే నడిచెడివి. నేటి బండ్లలో దీనికి బదులు ఇంజెక్షను వచ్చుటచే, దీని నెరిగిన మిస్త్రీలు తగ్గిరి.

కార్బురేటరులో నొక చిన్న తొట్టియు, అందులో తేలెడు బుడ్డియు, సన్నని రంధ్రములుగల యిత్తడి జెట్టులును ఉండును. నిలువయున్న పెట్రోలులో తేలికభాగ మావిరికాగా, మిగిలినది పాకము గిన్నె కంటుకొన్నట్లు గట్టిపడి రంధ్రములను పూడ్చును. చోకు లాగినపుడు నడిచి, విడువగనే యాగినచో జెట్టు పూడినదని యనుమానింపవలెను. పెట్రోలు పొంగి కారుచున్నచో సూదికవాటము బిగిసినదో, బుడ్డికి చిల్లిపడినదో చూడవలెను.

ముందుగా టాంకులోని పాత పెట్రోలును తీయించి, తుప్పు కడిగించి, వడపోతను మార్పించవలెను. లేనిచో శుభ్రపరచిన జెట్టు మరల పూడును. జెట్టులను విప్పించి, తగిన ద్రావకములో నానవేయించి, గాలి నూదింపవలెను. పంపుస్టవ్వునకు పిన్ను గ్రుచ్చినట్లు వీనికి తీగ గ్రుచ్చరాదు. రంధ్రము వెడల్పయి పెట్రోలు హెచ్చుగా పోవును. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును, పాత రబ్బరును చెరచును. కావున గొట్టములను, పంపులోని పొరను క్రొత్తవి వేయింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. గొట్టము నోటబెట్టి పెట్రోలు పీల్చుట మన యూళ్లలో నలవాటు. అది ఊపిరితిత్తులలో చొచ్చినచో ప్రాణాపాయము. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కార్బురేటరు నోట పెట్రోలు పోసి యింజను త్రిప్పనీయరాదు. మంట వెనుకకు చిమ్మును. పని ఆరుబయట, పొయ్యికి దూరముగా, బ్యాటరీ తీగ విప్పిన పిమ్మట జరుగవలెను. పిల్లలను దగ్గరకు రానీయక, ఇసుక బక్కెట్టును సిద్ధముగా నుంచుకొనవలెను.

లారీ బాగైన పిదప బ్రేకులు చూపించనిదే రోడ్డెక్కింపరాదు. మరల చిరకాలము నిలుపవలసివచ్చినచో, పెట్రోలు కుళాయి కట్టి, ఇంజను తానే యాగువరకు నడిపింపుడు. తొట్టి ఖాళీయగును; మరుసారి యీ చిక్కు చాలవరకు తప్పును.