ప్రజననకారుని హక్కు: అమలు ఎవరిపై?

ఒక వరి రకం సంకరణం నుండి విడుదల వరకు రావడానికి సాధారణంగా 8 నుండి 10 సంవత్సరాలు పడుతుంది. ఆ శ్రమకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రక్షణ కల్పించింది. కొత్త రకాన్ని నమోదు చేస్తే పంటలకు గరిష్ఠంగా 15 సంవత్సరాలు, వృక్షాలకు, తీగజాతులకు 18 సంవత్సరాలు హక్కు ఉంటుంది. అయితే నమోదు పత్రం తనంతట తాను ఏ రకాన్నీ కాపాడదు. ఉల్లంఘనను గుర్తించి, న్యాయస్థానంలో దావా వేయవలసినది హక్కుదారే.

దావా ఎవరిపై వేయాలన్నదే కీలకం. 2019లో గుజరాత్ బంగాళదుంప రైతులపై పెప్సికో సంస్థ దావాలు వేసి, తీవ్ర నిరసనల నడుమ వాటిని ఉపసంహరించుకుంది. చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రైతు రక్షిత రకం విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి విత్తవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరుతో మాత్రం అమ్మరాదు. కనుక పొరుగు రైతుకు రెండు బస్తాల విత్తనమిచ్చిన వ్యక్తి ప్రతివాది కాడు. అనుమతి లేకుండా అదే రకాన్ని సంచులలో నింపి, వేరొక పేరు ముద్రించి విక్రయించే వ్యాపారే ప్రతివాది. అతని వలన ప్రజననకారుడూ రైతూ ఇద్దరూ నష్టపోతారు.

ఇందుకు సాక్ష్యం అవసరం. మన విశ్వవిద్యాలయాలు తాము నమోదు చేసిన ప్రతి రకానికి డీఎన్ఏ వేలిముద్రలను, ప్రామాణిక విత్తన నమూనాలను భద్రపరచాలి. ఏటా విత్తన కాలంలో మార్కెట్ నమూనాలను సేకరించి వాటితో పోల్చాలి. న్యాయ సహాయానికి ప్రత్యేక నిధి కేటాయించాలి. వసూలైన రాయల్టీలో కొంత తిరిగి ప్రజనన క్షేత్రానికే చేరాలి. అమలు చేయని హక్కు బీరువాలో కాగితంగానే మిగిలిపోతుంది.